పాస్‌బుక్‌లో సెంట్ల లెక్క... ఈ క్లాసులో ఉంది!

ఇంట్లో పట్టాదారు పాస్‌బుక్ ఉంటే ఓసారి బయటికి తీయండి. సర్వే నంబరు పక్కన 'విస్తీర్ణం' అని ఓ గడి ఉంటుంది. ఎకరా ముప్పై రెండు సెంట్లు, రెండెకరాల ఏడు సెంట్లు... ఇలా ఏదో ఓ అంకె. ఆ అంకె దగ్గర అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లున్నాయి. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఆ చేనే అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు.

సరే, ఇంతకీ ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చింది? చేను నలుచదరంగా ఉంటే పొడవు ఇంటూ వెడల్పు, అంతే. కానీ మన చిత్తూరు వైపు చేలు నలుచదరంగా ఎక్కడుంటాయి చెప్పండి! ఓ పక్క వంక, ఇంకో పక్క గుట్ట, మధ్యలో బండ. గట్టు ఎటు తిరిగితే చేను అటు తిరుగుతుంది.

వంకరటింకర ఆకారాల లెక్కని కంప్యూటర్‌తో ఎలా చేయించాలో నేర్పే సబ్జెక్టు ఒకటి బీటెక్, ఎంటెక్ కంప్యూటర్ సైన్స్‌లో ఉంది. దాని పేరు కంప్యుటేషనల్ జామెట్రీ. చాలాచోట్ల ఇది ఎలెక్టివ్. ఎలెక్టివ్ అంటే తెలిసిందేగా... సీనియర్‌ని అడిగి, మార్కులు బాగా వేస్తారో లేదో కనుక్కుని టిక్కు పెట్టేది. ఈ సబ్జెక్టు గురించి అడిగితే వచ్చే సలహా ఒక్కటే: 'గేట్‌లో రాదు, ప్లేస్‌మెంట్‌లో అడగరు, వదిలేయ్!' మొదటి మాట నిజమే. గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో సార్టింగ్ ఉంది, గ్రాఫులున్నాయి, ఇది లేదు. రెండోది సగం నిజం. అయినా సరే, తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో చదివే పిల్లలు దీన్ని వదిలేస్తే పోయేది నాలుగు క్రెడిట్లు మాత్రమే కాదని నా నమ్మకం. ఎందుకో చేను దగ్గర్నుంచే చూద్దాం.

నాలుగు రాళ్లు, 68 సెంట్లు

ఓ చేనుకి నాలుగు మూలలు, నాలుగు హద్దు రాళ్లు అనుకోండి. మొదటి రాయి దగ్గర నిలబడి మిగతావి తూర్పుకి ఎన్ని మీటర్లు, ఉత్తరానికి ఎన్ని మీటర్లు ఉన్నాయో కొలిచారు. మొదటిది (0, 0). రెండోది (60, 0). మూడోది (70, 40). నాలుగోది (10, 50).

ఇప్పుడు ఒక్కో రాయి తూర్పు కొలతని తర్వాతి రాయి ఉత్తరం కొలతతో గుణించండి. తర్వాతి రాయి తూర్పు కొలతని ఈ రాయి ఉత్తరం కొలతతో గుణించి, అందులోంచి తీసేయండి. ఇలా చుట్టూ వస్తే నాలుగు అంకెలు వస్తాయి: 0, 2400, 3100, 0. మొత్తం 5500. అందులో సగం 2750. అదే చేను విస్తీర్ణం, చదరపు మీటర్లలో. సెంటుకి 40.47 చదరపు మీటర్లు కాబట్టి దాదాపు 68 సెంట్లు.

గుణకారాలు అడ్డంగా అల్లుకుంటూ పోతాయి కాబట్టి దీన్ని షూలేస్ ఫార్ములా అంటారు. పదో తరగతిలో చదివిన త్రిభుజ వైశాల్యం సూత్రానికి ఇది అన్న లాంటిది. నాలుగు మూలలు కాదు, నాలుగొందల మూలలున్నా పనిచేస్తుంది. ఇంకో తమాషా ఏంటంటే, చేను చుట్టూ అప్రదక్షిణగా తిరిగితే జవాబు ప్లస్‌లో వస్తుంది. గుడిలోలా ప్రదక్షిణగా తిరిగితే అదే జవాబు మైనస్‌లో వస్తుంది! ఈ ప్లస్, మైనస్ గుర్తుని 'ఏదో తేడా వచ్చింది' అని కొట్టేయకండి. సబ్జెక్టు మొత్తం దాని మీదే నడుస్తుంది. ఆ సంగతికి కాసేపట్లో వద్దాం.

ఇదేమీ కొత్త విద్య కాదు. గొలుసులతో కొలిచే రోజుల్లో సర్వేయర్లు చేనుని త్రిభుజాలుగా విడగొట్టి, ఒక్కోదాన్ని లెక్కేసి కూడేవాళ్లు. ఎఫ్‌ఎంబీ పటం మీద కనిపించే అడ్డగీతలు అవే. ఇదే పనిని క్లాసులో 'పాలిగాన్ ట్రయాంగ్యులేషన్' అంటారు. ఎన్ని మూలలుంటే అంతకు రెండు తక్కువ త్రిభుజాలు వస్తాయి. గీతలు ఎక్కడ గీయాలో మనిషి కంటికి ఇట్టే తెలిసిపోతుంది. కంప్యూటర్‌కి కన్ను లేదే! మూలలు పెరిగే కొద్దీ పని అదే నిష్పత్తిలో పెరుగుతుంది తప్ప అంతకు మించదు అని చూపించడానికి 1991 దాకా ఆగాల్సొచ్చింది. బెర్నార్డ్ షజెల్ అనే శాస్త్రవేత్త చూపించారు. ఆ పద్ధతి ఎంత చిక్కంటే, ప్రోగ్రాం రాసేవాళ్లు ఇప్పటికీ దాని జోలికి వెళ్లరు, నిదానమైన సులువు పద్ధతులతోనే కానిచ్చేస్తారు.

గట్టు ఒక్కటే, చేలు రెండు

2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. గొలుసులు పోయి డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. కొలతలు సెంటీమీటర్ల దాకా వెళ్లాయి. అయినా 'మా విస్తీర్ణం తగ్గింది' అన్న ఫిర్యాదులు చాలా ఊళ్ల నుంచి వచ్చాయి. ఇందులో రాజకీయం, ఆఫీసు తప్పిదాలు, పాత రికార్డుల తప్పులు అన్నీ కలిసి ఉంటాయి. వాటి జోలికి నేను పోను. కానీ జామెట్రీ తెలియకుండా పటం తయారుచేస్తే ఏమవుతుందో చెప్పొచ్చు.

మీ చేనుకీ పక్క చేనుకీ మధ్య గట్టు (మన వైపు కొన్ని ఊళ్లలో గెనిమ అంటారు) ఒక్కటే. ఒకరు మీ చేను హద్దుని కంప్యూటర్‌లో గీశారు. ఇంకొకరు పక్క చేను హద్దుని విడిగా గీశారు. ఒకే గట్టుని రెండుసార్లు గీశారన్నమాట. రెండు గీతలూ అచ్చంగా ఒకదానిమీద ఒకటి పడవు. ఓ చోట సన్నని ఖాళీ మిగులుతుంది, అది ఎవరిదీ కాదు. ఇంకో చోట రెండూ ఒకదాన్నొకటి దాటతాయి, ఆ ముక్క ఇద్దరిదీ! నేల మీద లేని తగాదా పటంలో పుట్టింది.

ఈ జబ్బుకి మందు కంప్యుటేషనల్ జామెట్రీ కోర్సులో మొదటి రెండు మూడు వారాల్లోనే వస్తుంది. దాని పేరు డబ్లీ కనెక్టెడ్ ఎడ్జ్ లిస్ట్. పేరు నోరు తిరగదు గానీ ఆలోచన రైతుకి అర్థమయ్యేదే. గట్టుని ఒక్కసారే రాసుకోవాలి. దానికి రెండు ముఖాలు పెట్టాలి, ఇటు ముఖం మీ చేనుది, అటు ముఖం పక్క చేనుది. మీ వైపు వెళ్లే బాణం ఒక దిశలో, పక్కవాళ్ల బాణం ఎదురు దిశలో. హద్దు రాయి జరిగితే రెండు చేలూ ఒకేసారి మారతాయి. మధ్యలో ఖాళీ మిగలడానికి వీల్లేదు. 1970ల చివర్లో పుట్టిన ఈ పద్ధతిని పరీక్షలో డెఫినిషన్‌గా రాసి మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఎడమా? కుడా?

ఇందాక ప్లస్, మైనస్ అన్నాం కదా. రెండు రాళ్ల మధ్య నడుస్తున్నారు. మూడో రాయి మీ ఎడమ చేతి వైపుందా, కుడి చేతి వైపుందా? షూలేస్ లెక్కనే మూడు రాళ్లకి వేస్తే ప్లస్ వస్తే ఎడమ, మైనస్ వస్తే కుడి. రెండు గుణకారాలు, కాసిన్ని తీసివేతలు. ఈ ఒక్క ప్రశ్నతో ఎంత పని జరుగుతుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. రెండు గీతలు ఖండించుకుంటాయా లేదా తేల్చొచ్చు. చెదిరిన చుక్కల చుట్టూ కంచె వేయాలంటే (దీన్నే కాన్వెక్స్ హల్ అంటారు) ఏ చుక్కలు కంచె మీదకొస్తాయో తేల్చొచ్చు. రొనాల్డ్ గ్రాహం 1972లో ఇచ్చిన పద్ధతిలో చేసేది అదే. చుక్కల్ని వరస పెట్టుకుని నడవడం, తప్పు మలుపు తిరిగితే వెనక్కొచ్చి ఆ చుక్కని వదిలేయడం.

'ఇంతేనా, ఈజీ!' అనిపిస్తుంది. మొదటి అసైన్‌మెంట్ దాకా అందరికీ అలాగే అనిపిస్తుంది.

మూడు రాళ్లూ ఒకే వరసలో ఉంటే? జవాబు సున్నా. ఎడమా కాదు, కుడీ కాదు. పుస్తకంలో 'అలాంటి సందర్భాలు లేవనుకుందాం' అని ఓ వాక్యం ఉంటుంది. చేలల్లో మాత్రం అలాంటివే ఎక్కువ. రోడ్డు వెంబడి పాతిన రాళ్లన్నీ ఒకే వరసలో ఉంటాయి మరి! ఇంకోటి: ఓ మనిషి చేను లోపలున్నాడా బయటున్నాడా అని తేల్చడానికి ఓ చిట్కా ఉంది. అతన్నుంచి నేరుగా ఓ గీత గీసుకుంటూ పోవాలి. గట్లని బేసి సార్లు దాటితే లోపల, సరి సార్లు దాటితే బయట. ఆ గీత సరిగ్గా మూల రాయి మీంచి వెళ్తే? అక్కడ రెండు గట్లు కలుస్తాయి. ఒకటిగా లెక్కపెట్టాలా, రెండుగానా? తప్పుగా లెక్కపెడితే మనిషి చేను మధ్యలో నిలబడి ఉన్నా కంప్యూటర్ 'బయటున్నాడు' అంటుంది.

ఇంకా పెద్ద చిక్కు అంకెల్లోనే ఉంది. భూమధ్యరేఖ నుంచి తిరుపతికి ఉత్తరం కొలత సుమారు 15 లక్షల మీటర్లు. పటాలకి మామూలుగా వాడే యూటీఎం పద్ధతిలో తూర్పు కొలత సుమారు 3.3 లక్షల మీటర్లు. ప్రోగ్రాంలో వీటిని మామూలు 'ఫ్లోట్'లో దాచారనుకోండి. ఆ సైజు అంకెల దగ్గర ఫ్లోట్‌కి పన్నెండున్నర సెంటీమీటర్ల కన్నా చిన్న తేడా తెలియదు. రోవర్ సెంటీమీటర్లలో కొలిచినా ఉపయోగం లేదు. ఇక ఆ రెండు అంకెల్నీ గుణిస్తే దాదాపు యాభై వేల కోట్లు. అక్కడ ఫ్లోట్‌లో ఒక అంకెకీ పక్క అంకెకీ మధ్య ఎడం ఎంతో తెలుసా? 32,768 చదరపు మీటర్లు. అంటే ఎనిమిది ఎకరాలు! 68 సెంట్ల చేను లెక్కకి ఎనిమిదెకరాల కొలకర్ర పట్టుకున్నట్టు. 'డబుల్' వాడాలి, మొదటి మూల రాయిని సున్నా చేసుకుని మిగతా రాళ్లని దాన్నుంచి కొలవాలి. రెండే జాగ్రత్తలు. సూత్రం తెలిసిన ప్రతివాళ్లకీ ఇవి తెలియవు, కోర్సు ఒళ్లొంచి చేసినవాళ్లకే తెలుస్తాయి.

ఏ వాన ఎవరి ఖాతాలో?

చేను తర్వాత వాన. మన దగ్గర రెండూ ఒకదాని వెంట ఒకటి రావాల్సిందే.

వాతావరణ ఆధారిత పంటల బీమాలో ఓ నియమం ఉంది. వేరుశనగ వేసిన రైతు చేలో ఎంత వాన పడిందన్నది కాదు లెక్క, ఆ ప్రాంతానికి కేటాయించిన వాతావరణ కేంద్రంలో ఎంత నమోదైందన్నదే లెక్క. అంటే ఏ చేను ఏ కేంద్రం కిందికొస్తుందన్నది డబ్బుకి సంబంధించిన ప్రశ్న. కేటాయింపు మండలాల హద్దుల్ని బట్టి జరగొచ్చు, ఇంకోలా జరగొచ్చు. జామెట్రీ చెప్పే సహజమైన పద్ధతి మాత్రం ఒకటుంది, 'ఏ కేంద్రం దగ్గరైతే దాని కిందికి'.

పక్కపక్కనున్న ప్రతి రెండు కేంద్రాల మధ్యా సరిగ్గా నడిమధ్యన అడ్డగీత గీస్తూ పోతే, పటం గదులు గదులుగా విడిపోతుంది. ఒక్కో గదిలో ఒక్కో కేంద్రం. అమెరికా వాతావరణ శాఖలో పనిచేసిన థీసెన్ 1911లో వానల లెక్కకి దీన్ని వాడారు. అంతకు మూడేళ్ల ముందే, 1908లో వొరొనాయ్ అనే గణితవేత్త దీనిమీద పత్రం రాశారు. అందుకే సివిల్ ఇంజినీరింగ్ వాళ్లు 'థీసెన్ పాలిగాన్లు' అని స్కేలు, పెన్సిల్‌తో గీస్తారు. పక్క బిల్డింగులో కంప్యూటర్ సైన్స్ వాళ్లు 'వొరొనాయ్ డయాగ్రమ్' అని కోడ్ రాస్తారు. రెండూ ఒకటేనని క్యాంటీన్లో కూడా మాట్లాడుకోరు!

దీనితో తేడా ఎంతొస్తుంది? ఊహకి ఓ లెక్క. 200 చదరపు కిలోమీటర్ల ప్రాంతం, మూడు వర్షమాపకాలు. ఒకదాంట్లో 80 మిల్లీమీటర్లు, ఒకదాంట్లో 20, ఇంకోదాంట్లో 50. ముక్కుసూటిగా సగటు తీస్తే 50. కానీ మొదటిదాని గది 120 చదరపు కిలోమీటర్లు, రెండోది 60, మూడోది 20 అయితే అసలు సగటు 59. తొమ్మిది మిల్లీమీటర్లే కదా అనుకోకండి. 200 చదరపు కిలోమీటర్ల మీద అది 18 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు. 2021 నవంబరు వానలకి రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట దగ్గర నీళ్లు కారుతుంటే దిగువ ఊళ్లని ఖాళీ చేయించిన రోజులు గుర్తున్నవాళ్లకి, చెరువులోకి ఎంత నీరొస్తుందన్న అంచనా ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

ఈ గదులు గీయడానికి స్టీవెన్ ఫార్చ్యూన్ 1986లో ఓ ముచ్చటైన పద్ధతి చెప్పారు. పటం మీద ఓ గీతని పైనుంచి కిందికి తెరలా లాగుతూ పోవడమే. తెర కదిలే కొద్దీ దాని వెనక పని పూర్తవుతూ వస్తుంది. ప్రతి చుక్కనీ ప్రతి చుక్కతో పోల్చే పద్ధతైతే లక్ష చుక్కలకి 500 కోట్ల జతలు చూడాలి. ఈ తెర పద్ధతిలో పని చుక్కల సంఖ్యని దాని లాగరిథంతో గుణించినంత ఉంటుంది. లక్ష చుక్కలకి అది దాదాపు 17 లక్షలు. ఫోన్‌లో 'దగ్గర్లో ఏటీఎం' అని కొట్టగానే జవాబొచ్చేది కూడా ఇలాంటి పొదుపు వల్లే.

(జామెట్రీ అనగానే అందరూ ముగ్గులతో పోలుస్తారు. అందంగానే ఉంటుంది గానీ ముగ్గులో చుక్కలు వరసగా ఉంటాయి. ఊళ్లు, బోర్లు, వర్షమాపకాలు అలా ఉండవు.)

అయితే 'దగ్గర' అన్న మాటని నమ్మేముందు ఓసారి కొండకేసి చూడండి. అలిపిరి నుంచి తిరుమలకి పటం మీద గీత గీస్తే కొద్ది కిలోమీటర్లే. బస్సులో వెళ్తే మలుపులన్నీ తిరగాలి. పైగా 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండో రోడ్డు ఎక్కడానికి. అంటే పైకి వెళ్లే దూరమూ కిందికొచ్చే దూరమూ ఒకటి కాదు! ఇటు నుంచి అటు ఎంతో, అటు నుంచి ఇటూ అంతే అన్నది వొరొనాయ్ గదులకి పునాది. మన తిరుపతిలో ఆ పునాదే కదులుతుంది. ఘాట్‌లో బండి పాడైతే ఏ అంబులెన్స్ దగ్గర అన్న ప్రశ్నకి మామూలు వొరొనాయ్ తప్పు జవాబిస్తుంది. రోడ్ల గ్రాఫ్ మీద లెక్కేయాలి. ప్రాజెక్టుకి ఐడియా లేదని ఏడ్చే ఫైనలియర్ పిల్లలూ, వింటున్నారా?

ఆ కొసరాజు మనవాడే

శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పేరు ఈ ప్రాంతంలో చాలామందికి తెలుసు. అల్గారిథమ్స్ పేపర్ రాసిన ప్రతివాళ్లూ 'కొసరాజు అల్గారిథమ్' అని కూడా రాసే ఉంటారు. గ్రాఫ్‌లో స్ట్రాంగ్లీ కనెక్టెడ్ కాంపొనెంట్లు కనుక్కునేది. ఆ పేరు ఏ జపాన్ వాళ్లదో అనుకునేవాళ్లున్నారు. ఆయన కొసరాజు సాంబశివరావు. కృష్ణా జిల్లా కొలవెన్నులో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మాస్టర్స్, అమెరికాలో పీహెచ్‌డీ చేసి, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యారు.

ఆ గ్రాఫ్ పద్ధతి 1978 నాటిది. మన సబ్జెక్టులో ఆయన చేసిన పని అంతకన్నా తక్కువమందికి తెలుసు. పాల్ కలహాన్‌తో కలిసి 1992లో ఓ సదస్సులో చెప్పారు, 1995లో పూర్తి పత్రం అచ్చయింది. విషయం ఇదీ. తిరుపతి నుంచి హైదరాబాద్ ఎంత దూరం? 'ఐదొందల యాభై చిల్లర' అంటారు. లీలామహల్ సెంటర్ నుంచి అమీర్‌పేటకా, ఎస్వీయూ గేటు నుంచి కూకట్‌పల్లికా అని ఎవరూ అడగరు. ఊళ్లు అంత ఎడంగా ఉన్నప్పుడు ఇటు గుంపుకీ అటు గుంపుకీ కలిపి ఒక్క అంకె చాలు. అదే ఎస్వీయూ నుంచి పద్మావతి మహిళా యూనివర్సిటీకి ఎంత అంటే, ఏ గేటు నుంచి అన్నది తెలియాలి.

మనం రోజూ వాడే ఈ ఇంగితాన్నే వాళ్లిద్దరూ గణితంగా మలిచారు. చుక్కల్ని గుంపులుగా చేసి, దూరదూరంగా ఉన్న గుంపుల జతలు రాసుకుంటే చాలు, ఏ రెండు చుక్కల మధ్య దూరమైనా కావాల్సినంత దగ్గరగా చెప్పొచ్చు. అలాంటి జతలు 500 కోట్లు అక్కర్లేదు, చుక్కల సంఖ్యకి కొన్ని రెట్లు ఉంటే సరిపోతుంది. నక్షత్రాలు ఒకదాన్నొకటి ఎంత బలంగా లాగుతున్నాయో అంచనా వేయడానికీ, దగ్గరి పొరుగులు ఎవరో వెతకడానికీ ఇది పనికొస్తుంది. ప్రపంచంలో ఈ సబ్జెక్టు ఎక్కడ లోతుగా చెప్పినా ఈ ఇద్దరి పేర్లూ వస్తాయి.

మరి నేర్చుకునేదెక్కడ?

మీ కాలేజీలో ఈ ఎలెక్టివ్ లేకపోతే? ఉన్నా, చెప్పేవాళ్లు లేరని ఆ సెమిస్టర్ తీసేస్తే? ఎన్‌పీటెల్‌లో పంకజ్ అగర్వాల్, అప్పట్లో ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్‌గా ఉన్న సందీప్ సేన్ చెప్పిన పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లిషులోనే ఉంటాయి, కొంచెం పాతవి. కానీ బోర్డు మీద బొమ్మ గీస్తూ చెప్పే సబ్జెక్టుకి పాతబడడం పెద్దగా ఉండదు. పుస్తకాల్లో డి బెర్గ్, మరో ముగ్గురు కలిసి రాసినదాన్ని అందరూ చదువుతారు. 1997లో మొదటిసారి వచ్చింది, మూడో కూర్పు వెతుక్కోండి. నన్నడిగితే మొదట జోసెఫ్ ఓరూర్క్ పుస్తకం పట్టుకోమంటాను. దాంట్లో కోడ్ కూడా ఉంటుంది, చుక్కలు ఒకే వరసలో పడితే ఏం చేయాలో దాటేయకుండా చెబుతాడు.

ఉద్యోగాల మాట కూడా చెప్పాలి కదా. ఏర్పేడులో క్యాంపస్ ఉన్న మన ఐఐటీ తిరుపతి, 2015లో మొదలైన సంస్థ. దానికి అనుబంధంగా నవావిష్కార్ ఐ-హబ్ ఫౌండేషన్ ఉంది. కేంద్ర ప్రభుత్వం దేశంలోని ఒక్కో హబ్‌కి ఒక్కో రంగం కేటాయిస్తే, దీనికొచ్చింది పొజిషనింగ్, ప్రెసిషన్ టెక్నాలజీలు. వస్తువు ఎక్కడుందో కచ్చితంగా చెప్పే పని. మ్యాపుల కంపెనీలు, డ్రోన్లు, గేములు, రోబోలు, త్రీడీ ప్రింటింగ్... ఇంటర్వ్యూ మొదటి రౌండ్‌లో కాన్వెక్స్ హల్ అడక్కపోవచ్చు. చేరాక మూడో నెలలో మాత్రం ఎవరో ఒకరు 'ఈ రెండు పాలిగాన్ల మధ్య సన్నగా ఏదో గ్యాప్ వస్తోంది, చూడు' అంటారు.

ముందుగా చేతికి మట్టి అంటాలంటే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. మీ మండలంలోని వర్షమాపకాలు, లేదంటే మీ ఊరి చుట్టూ ఉన్న ఆరోగ్య కేంద్రాలు చుక్కలుగా పెట్టండి. దాంట్లో 'వొరొనాయ్ పాలిగాన్స్' అని ఓ మెనూ ఉంటుంది, నొక్కండి. మీ ఇల్లు ఏ గదిలో పడిందో చూసుకుని, నిజంగా మీ ఇంట్లోవాళ్లు జ్వరమొస్తే ఆ ఆరోగ్య కేంద్రానికే వెళ్తారేమో అమ్మని అడగండి. వెళ్లమంటే కారణమేంటో కనుక్కోండి. మధ్యలో వంక అడ్డమై ఉంటుంది, లేదా అటువైపు బస్సు లేకపోయి ఉంటుంది.